మొదటి నిమిషంలో అయిదు ప్రశ్నలు

కాన్పుగది తలుపు తీసుకుని నర్సు బయటికి రాగానే మనందరం ఒక్కసారిగా అడిగేది ఏమిటి? బాబా, పాపా? ఆ వెంటనే రెండోది సిద్ధంగా ఉంటుంది. రంగెలా ఉంది, తల్లి పోలికా తండ్రి పోలికా? మూడోది బరువు. బిడ్డ ఊపిరి బాగా తీసుకుంటోందా, గుండె సరిగ్గా కొట్టుకుంటోందా అని ముందుగా అడిగినవాళ్ళని మా బంధువర్గంలో నేనింతవరకూ చూడలేదు.

మనం అడక్కపోయినా లోపల ఎవరో ఒకరు ఆ సంగతి చూస్తూనే ఉంటారు. చూసి మార్కులు కూడా వేస్తారు. ఆసుపత్రిలో పురుడు పోసుకున్నవాళ్ళు తమ కాయితాలు ఓసారి తీసి చూడండి. బిడ్డ బరువూ, పుట్టిన వేళా రాసిన చోటే ఆప్గార్ అనే మాట, దాని పక్కన 8, 9 అంటూ రెండు అంకెలు కనబడతాయి. ఆప్గార్ అంటే ఏదో మందు పేరో, పరీక్ష పేరో అనుకునేవాళ్ళే ఎక్కువ. కాదు. అది ఒక మనిషి పేరు. డాక్టర్ వర్జీనియా ఆప్గార్ అనే ఆవిడ పేరు.

1909 జూన్ 7న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, వెస్ట్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పుట్టింది వర్జీనియా. ఇద్దరు మగపిల్లల తర్వాత మూడో సంతానం. తండ్రిది ఇన్సూరెన్సు ఉద్యోగం. ప్రాణం మాత్రం రేడియో పరికరాల మీదా, ఆకాశంలో చుక్కల మీదా ఉండేది. ఇంటిల్లిపాదికీ సంగీతం వచ్చు. ఈ పిల్ల చిన్నప్పుడే వయొలిన్ పట్టుకుంది. ఇంట్లో సందడికి లోటు లేదు గానీ జబ్బులకీ లోటు లేదు. ఒక అన్న చిన్నతనంలోనే క్షయతో పోయాడు. ఇంకో అన్న ఎప్పుడూ ఏదో ఒక అనారోగ్యంతో తీసుకునేవాడు. డాక్టరు అవ్వాలన్న పట్టుదల అలాంటి ఇంట్లో పుట్టడం వింతేమీ కాదు.

మౌంట్ హోలియోక్ అనే ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చదివింది. ఇంటి దగ్గర్నుంచి వచ్చే డబ్బు చాలక చిన్నాచితకా పనులెన్నో చేసింది. వాటిలో ఒకటి, ప్రయోగశాల కోసం పిల్లుల్ని పట్టుకురావడం! ఇంత పనిలోనూ టెన్నిస్ ఆడేది, కాలేజీ పత్రికకి రాసేది, వాద్యబృందంలో వాయించేది. 1929లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం వైద్య కళాశాలలో చేరింది. తరగతిలో తొంభై మంది ఉంటే ఆడవాళ్ళు తొమ్మిది మంది. చేరిన కొద్ది వారాలకే అమెరికా షేర్ మార్కెట్టు కుప్పకూలి దేశమంతా గిలగిల్లాడిపోయింది. అప్పులు చేసి చదివింది. 1933లో తరగతిలో నాలుగో స్థానంలో పాసై బయటికొచ్చేసరికి నెత్తిమీద దాదాపు నాలుగు వేల డాలర్ల అప్పుంది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

కోరుకున్నది ఒకటి, దొరికింది ఒకటి

వర్జీనియా కోరిక సర్జన్ కావాలని. ఆ ఆసుపత్రిలోనే సర్జరీ శిక్షణకి చోటు సంపాదించింది, చక్కగా పనిచేసింది. అయితే సర్జరీ విభాగం పెద్ద డాక్టర్ అలెన్ విప్పుల్ ఆమెని కూర్చోబెట్టి, ఈ దారి వద్దమ్మా అన్నాడు. తాను తర్ఫీదు ఇచ్చిన ఆడ సర్జన్లు అంతకుముందు ప్రాక్టీసులో నిలదొక్కుకోలేకపోయారు. పైగా దేశంలో డబ్బుకి కటకటగా ఉంది. మగ సర్జన్లకే కేసులు లేని రోజుల్లో ఆడ డాక్టరు చేత కత్తి పట్టించుకునేదెవరు? దాని బదులు మత్తు వైద్యం నేర్చుకోమన్నాడు. మత్తు బాగుపడితే తప్ప సర్జరీ ముందుకు పోదని ఆయనకి తెలుసు.

ఇది విన్నప్పుడు నాకు మొదట కోపమే వచ్చింది. తెలివితేటలు తక్కువై కాదు, ఆడపిల్ల అయినందుకే కదా పక్కకి జరిపారు! అప్పట్లో అమెరికాలో మత్తు ఇవ్వడం ఎక్కువగా నర్సులు చేసే పని. సర్జన్లు మత్తు డాక్టర్ని తమతో సమానంగా చూసేవాళ్ళు కాదు. అయినా అప్పులున్న మనిషి, ఆలోచించుకుని ఒప్పుకుంది. ముందు తమ ఆసుపత్రి నర్సుల దగ్గరే పని నేర్చుకుంది. 1937లో విస్కాన్సిన్ వెళ్ళి రాల్ఫ్ వాటర్స్ అనే ప్రసిద్ధ వైద్యుడి దగ్గర ఆరునెలలు ఉంది. ఆ తర్వాత న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో నేర్చుకుంది. చదువు దొరికింది గానీ తలదాచుకునేందుకు గది దొరకడమే గగనమైంది. శిక్షణకొచ్చే డాక్టర్లంటే మగవాళ్ళే అన్న లెక్కలో కట్టిన వసతులవి. ఒకచోట మూడుసార్లు మకాం మార్చింది, ఇంకోచోట పనిమనుషుల గదుల్లో ఉంది.

1938లో కొలంబియాకి తిరిగొచ్చి మత్తు విభాగానికి అధిపతి అయింది. అధిపతి అన్న పేరే గానీ చాలా ఏళ్ళు చేతికింద సరైన డాక్టర్లే లేరు. తనే మత్తిచ్చి, తనే పాఠాలు చెప్పి, తనే మనుషుల కోసం వెతుక్కుంటూ పదకొండేళ్ళు ఆ విభాగాన్ని నిలబెట్టింది. 1949లో అది పూర్తిస్థాయి శాఖ అయింది. శాఖాధిపతి కుర్చీ మాత్రం బయటినుంచి వచ్చిన ఒక మగ డాక్టరుకి ఇచ్చారు. ఆమెని ప్రొఫెసర్ని చేశారు. ఆ వైద్య కళాశాలలో పూర్తి ప్రొఫెసర్ అయిన మొదటి స్త్రీ ఆవిడే. బయటికి గౌరవమే, కానీ మొక్క నాటి నీళ్ళు పోసినవాళ్ళకి చెట్టు కింద పీట వేయకపోతే ఎలా ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు.

వర్జీనియా దాని గురించి కూర్చుని కుమిలిపోలేదు. ఆఫీసు పనుల బరువు తగ్గింది కదా అని, ఎవరూ పెద్దగా పట్టించుకోని కాన్పుగదిలోకి నడిచింది. పురుడు పోసుకునే తల్లులకి ఇచ్చే మత్తు బిడ్డల మీద ఏం ప్రభావం చూపిస్తుందో కనుక్కోవాలనుకుంది.

పక్కన పెట్టేసిన బిడ్డలు

ఆ కాలంలో అమెరికాలో ఏడాది లోపు పిల్లల చావులు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. పుట్టిన మొదటి ఇరవైనాలుగు గంటల్లో పోయే పిల్లల సంఖ్య మాత్రం తగ్గనే లేదు. ఎందుకని? బిడ్డ బయటపడగానే అందరి కళ్ళూ తల్లి మీద ఉండేవి. నీలంగా, మెత్తగా, ఏడవకుండా పుట్టిన బిడ్డని ఇక బతకదులే అని పక్కన పెట్టేయడం మామూలే. ఏ బిడ్డ బాగుంది, ఏ బిడ్డకి సాయం కావాలి అని చెప్పేందుకు అందరికీ ఒకటే కొలత లేదు. ఒక డాక్టరుకి బాగున్నట్టు కనిపించిన బిడ్డ ఇంకొకరికి బాగున్నట్టు కనిపించకపోవచ్చు.

మన ఊళ్ళలో మాత్రం? మా అమ్మమ్మ చెప్పేది. బిడ్డ ఏడవకపోతే చెవి దగ్గర ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో వాయించేవారట, మొహం మీద చన్నీళ్ళు చిలకరించేవారట. అప్పటికీ కదలకపోతే చేటలో పడుకోబెట్టి తల్లి సంగతి చూడమనేవాళ్ళట. అమ్మమ్మకి తొమ్మిది కాన్పులు, మిగిలింది అయిదుగురు. పోయిన నలుగురిలో ఒక పిల్ల చేటలో చాలాసేపు ముక్కు ఎగరేసిందని చివరిదాకా చెప్పుకునేది. ఆప్గార్ గురించి చదువుతున్నంతసేపూ ఆ చేట నా కళ్ళముందే ఉంది. న్యూయార్క్ ఆసుపత్రికీ, మా అమ్మమ్మ పురిటిగదికీ ఈ విషయంలో ఎంత తేడా ఉందంటారు?

ఒకరోజు పొద్దున ఆసుపత్రి కాంటీన్‌లో ఫలహారం చేస్తుంటే ఒక వైద్య విద్యార్థి వర్జీనియాని అడిగాడు, అప్పుడే పుట్టిన బిడ్డ ఎలా ఉందో అంచనా వేయడం ఎలాగని. అదేమంత కష్టం అంటూ చేతికందిన ఒక కాయితం ముక్క లాక్కుని అయిదు విషయాలు గబగబా రాసింది. తిన్న ట్రేలు మీరే తీసిపెట్టండి అని కాంటీన్‌లో పెట్టిన చీటీ అది! రాసినదాన్ని పరీక్షించి చూడ్డానికి అటునుంచి అటే కాన్పుల విభాగానికి పరుగెత్తింది.

ఆ అయిదూ ఏమిటంటే, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది? ఊపిరి ఎలా తీసుకుంటోంది? కాళ్ళూ చేతులూ ముడుచుకుని కదుల్తున్నాయా, వేలాడిపోతున్నాయా? కదిలిస్తే మొహం చిట్లించడం, తుమ్మడం, ఏడవడం లాంటిదేమైనా చేస్తోందా? ఒంటి రంగు గులాబీగా ఉందా, నీలంగా ఉందా? ఒక్కోదానికి సున్నా, ఒకటి, లేదా రెండు మార్కులు. ఉదాహరణకి గుండె నిమిషానికి వందసార్ల కంటే ఎక్కువ కొట్టుకుంటే రెండు, అంతకు తక్కువైతే ఒకటి, అసలు లేకపోతే సున్నా. మొత్తం పదికి. బిడ్డ పుట్టిన ఒక్క నిమిషానికి ఈ లెక్క వేయాలి. తర్వాత్తర్వాత అయిదో నిమిషంలో మళ్ళీ వేయడం కూడా అలవాటైంది. మిషన్లు అక్కర్లేదు, రక్తపరీక్షలు అక్కర్లేదు. కళ్ళూ, చెవులూ, చేతులూ, ఒక గడియారం చాలు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పింది. పురుడు పోసిన డాక్టరే మార్కులు వేయకూడదు, వేరేవాళ్ళు వేయాలి అని. తాను చేసిన కాన్పు కదా, తన చేత్తో పదికి పదీ వేసేసుకుంటారని ఆవిడకి తెలుసు! మన పిల్లల పరీక్ష కాయితాలు మనమే దిద్దితే ఇంకేముంది?

రంగు అనగానే మనవాళ్ళు చెవులు రిక్కిస్తారు. ఆప్గార్ అడిగిన రంగు తెలుపూ నలుపూ కాదు. రక్తంలో ప్రాణవాయువు అందుతోందా లేదా అన్నది. చామనఛాయ బిడ్డల్లో పెదవులూ, నాలుకా చూసి తెలుసుకోవాలి. ముదురురంగు చర్మం ఉన్న బిడ్డల్లో ఈ ఒక్క మార్కూ సరిగ్గా పడడం లేదని ఇప్పటి డాక్టర్లు చర్చిస్తున్నారు కూడా. ఇక ఆడా మగా అన్న గడి ఆ పట్టికలో ఎక్కడా లేదు.

మార్కుల వెనక లెక్కలు

1952లో వైద్యుల సభలో ఈ పద్ధతిని వివరించి, 1953లో పత్రికలో అచ్చు వేసింది. మార్కులు వేసి ఊరుకోలేదు. ఎన్ని మార్కులొచ్చిన బిడ్డలు ఏమయ్యారో వెంటపడి లెక్కకట్టింది. ఎనిమిది నుంచి పది వచ్చిన బిడ్డల్లో పోయినవాళ్ళు వెయ్యికి ఒకరిద్దరు. రెండు లోపు వచ్చినవాళ్ళలో నూటికి పద్నాలుగు మంది. అంటే ఆ అంకెకి అర్థముంది. అంతకంటే ముఖ్యం, రెండు లోపు వచ్చినవాళ్ళలోనూ ఎక్కువమంది బతికారు! ఇక బతకదులే అన్న మాటకి అంతకంటే జవాబేం కావాలి?

డంకన్ హాలడే, స్టాన్లీ జేమ్స్ అనే ఇద్దరు డాక్టర్లతో కలిసి ఇంకా లోతుకి వెళ్ళింది. బొడ్డుతాడులోని ధమని గుండా సన్నటి గొట్టం పంపి పసిబిడ్డ రక్తాన్ని పరీక్షించారు. మార్కులు తక్కువ వచ్చిన బిడ్డల రక్తంలో ప్రాణవాయువు తక్కువ, ఆమ్లం ఎక్కువ ఉందని తేలింది. అలాంటి బిడ్డని కాసేపు చూద్దాం అని వదిలేయకూడదు, వెంటనే ఊపిరి అందించాలి. అలాగే తల్లికి ఇచ్చే సైక్లోప్రొపేన్ అనే మత్తు వాయువు బిడ్డని మందకొడిగా చేస్తోందని కూడా బయటపడింది. ఆ వాయువంటే వర్జీనియాకి ఎంతో ఇష్టం. అయినా లెక్కలు చూశాక దానికి నమస్కారం పెట్టేసింది. మనకి చేతివాటమైన పద్ధతి తప్పని కాయితం మీద తేలితే, ఆ పూటే మానేయగలగడం ఎంతమందికి సాధ్యం?

ఇంచుమించు అదే కాలంలో, 1952లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో పోలియో మహమ్మారి వచ్చి పిల్లలు ఊపిరాడక పోతుంటే, ఇంకో మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ గొంతులో గొట్టం వేసి, వందలమంది వైద్య విద్యార్థుల చేత వంతులవారీగా చేత్తో గాలి కొట్టించి వాళ్ళని బతికించాడు. ఆ మరుసటేడు అక్కడ ఏర్పాటైన వార్డునే ప్రపంచంలో మొదటి ఐసీయూ అంటారు. ప్రాణం మీదికొచ్చిన మనిషిని కన్నార్పకుండా చూడడం, చూసింది అంకెల్లో రాయడం, అంకె తగ్గగానే చేయి వేయడం. ఐసీయూ అంటే ఇంతే కదా! ఆప్గార్ అదే పని పసిగుడ్డుకి చేసింది. 1960లో అమెరికాలోని యేల్‌లో నవజాత శిశువుల ఐసీయూ మొదలైంది. 1981లో పెద్దవాళ్ళ ఐసీయూకీ అపాచీ అనే మార్కుల పట్టిక వచ్చింది. బొడ్డు ధమనిలో గొట్టం వేసి రక్తం చూడడం ఇవాళ్టికీ పిల్లల ఐసీయూల్లో మామూలు పద్ధతి. మన జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగాల్లో చేరే బిడ్డ కేస్‌షీటులోనూ ఆవిడ పేరుంటుంది.

1962లో డెన్వర్‌లోని జోసెఫ్ బటర్‌ఫీల్డ్ అనే పిల్లల డాక్టరు ఆవిడ పేరులోని అయిదు ఇంగ్లీషు అక్షరాలకే అయిదు పరీక్షలనీ అమర్చి విద్యార్థులకి బట్టీపట్టేందుకు వీలుగా చేశాడు. అప్పియరెన్స్, పల్స్, గ్రిమేస్, యాక్టివిటీ, రెస్పిరేషన్. దాంతో అది మనిషి పేరన్న సంగతే చాలామంది మర్చిపోయారు. ఆవిడ మాత్రం సరదా పడిపోయింది.

టెలిఫోన్ గదిలో దొంగతనం

ఇంత గంభీరమైన పనిచేసిన మనిషి మాత్రం మహా సరదా. ఎక్కడికెళ్ళినా వయొలా వెంట ఉండాల్సిందే. చేతిసంచీలో చిన్న కత్తీ, ఊపిరి గొట్టమూ ఉండేవి. దారిలో ఎవరికైనా ప్రమాదం జరిగితే అక్కడే సాయం చేయడానికి. పెళ్ళెందుకు చేసుకోలేదంటే, వంటొచ్చిన మగవాడు దొరకలేదని నవ్వేసేదట! యాభై ఏళ్ళ వయసులో విమానం నడపడం నేర్చుకోవడం మొదలుపెట్టింది.

కార్లీన్ హచిన్స్ అనే పేషెంటు ఆవిడకి వాద్యాలు తయారుచేయడం నేర్పింది. 1957లో ఆ ఇద్దరికీ వయొలా వెనకభాగానికి మంచి చెక్క కావాల్సొచ్చింది. అలాంటిది ఆసుపత్రి టెలిఫోన్ గదిలో అరగా అమర్చి ఉంది! ఓ రాత్రి అదే కొలతల్లో, అదే రంగులో ఇంకో చెక్క చేయించుకుని వెళ్ళారు. వర్జీనియా యూనిఫారంలో కాపలా, కార్లీన్ లోపల మార్పిడి. తెచ్చిన చెక్క కాస్త పొడుగవడంతో ఆడవాళ్ళ గదిలో కూర్చుని రంపంతో కోశారు. ఆ వయొలాని ఆవిడ ఎంతో మురిపెంగా వాయించుకునేది.

1959లో యాభయ్యో ఏట మళ్ళీ విద్యార్థిగా జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివింది. ఆ తర్వాత కాన్పుగది వదిలి, పుట్టుకతో వచ్చే లోపాల మీద పనిచేసే మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థలో చేరింది. అవయవలోపంతో పిల్లలు పుడితే దాచిపెట్టి సిగ్గుపడే రోజులవి. ఊరూరా తిరిగి తల్లిదండ్రులతో మాట్లాడింది. 1964, 65ల్లో అమెరికాలో రుబెల్లా వచ్చి గర్భిణుల ద్వారా దాదాపు ఇరవై వేలమంది పిల్లలు లోపాలతో పుట్టారు. టీకా వేయించుకోండని ఆవిడ గట్టిగా చెప్పింది. మన దేశంలో 2017లో బడిపిల్లలకి మొదలుపెట్టిన ఎంఆర్ టీకా కూడా ఆ రుబెల్లా మీదే. 1972లో ఒక విలేఖరితో కలిసి తల్లిదండ్రుల కోసం పుస్తకం రాసింది.

1974 ఆగస్టు 7న, తాను చదివి పనిచేసిన ఆసుపత్రిలోనే కన్నుమూసింది. అరవై అయిదేళ్ళు. 1994లో అమెరికా ప్రభుత్వం ఆవిడ బొమ్మతో ఇరవై సెంట్ల స్టాంపు వేసింది. ఆవిడకి స్టాంపులు సేకరించే అలవాటుంది, చూస్తే ఎంత సంబరపడేదో!

చివరిగా ఒక మాట. ఈ మార్కులు బిడ్డ తెలివితేటలకి కొలత కాదు. పక్కింటి బిడ్డకి తొమ్మిది, మనకి ఎనిమిదే అని బెంగపడకండి. పుట్టగానే చేతులూ కాళ్ళూ కాస్త నీలంగా ఉండడం చాలామందికి మామూలే, అందుకే పదికి పది రావడం అరుదు. ఏడవని బిడ్డకి సాయం చేయడానికి నిమిషం పూర్తయ్యేదాకా ఆగడమూ ఉండదు, వెంటనే మొదలుపెడతారు. అందుకే కాన్పు ఎక్కడ చేయించుకోవాలో చూసుకునేటప్పుడు గది ఎంత శుభ్రంగా ఉంది, ఖర్చెంత అన్నవాటితోపాటు ఇంకో మాట కూడా అడగండి. బిడ్డ ఊపిరి తీసుకోకపోతే వెంటనే చూసేందుకు తర్ఫీదైన మనిషి మీ దగ్గరున్నారా? ఈ ప్రశ్న అడగడానికి డాక్టరే కానక్కర్లేదు. తల్లి అడగొచ్చు, అమ్మమ్మ అడగొచ్చు, నాన్నమ్మ అడగొచ్చు.